అక్షరం వచ్చు, అర్థం రాదు

దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరకే అనలేదు. ఆ నునుపును కాగితం మీద చూపి సొమ్ము చేసుకొనేవారు లోకంలో ఉన్నారని మేము గ్రంథాలు చదివి తెలుసుకోలేదు. సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో, మా ఇంటి వాకిట్లోనే తెలుసుకొన్నాము. తెలుసుకొన్న తీరు తలచుకొంటే నేటికీ సిగ్గు కలుగుతుంది.

పటాలాల పేరు మోస్తున్న ఈ బజారుకు రైల్వే స్టేషను కూతవేటు దూరం. నిజామాబాదు నుంచి రైలులో, కరీంనగరు నుంచి జూబ్లీ బస్ స్టేషనుకు వచ్చి, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో పాస్‌పోర్టు పెట్టుకొని తిరిగే యువకులను మేము చిన్ననాటి నుంచి చూస్తూనే ఉన్నాము. అయితే 2016 ఆరంభంలో ఆ సంచి మా పొరుగింటికే వచ్చింది.

ఒకనాటి సాయంకాలం పొరుగింటి ఖాలా ఒక కాగితాన్ని కళ్లకద్దుకొని మా చేతిలో పెట్టింది. అది సౌదీ అరేబియా వీసా నకలు. "బేటా, జర పఢ్‌కే దేఖో" అన్నది. ఆమె కుమారుడు పదవ తరగతి ఉత్తీర్ణుడై, ఇంటర్మీడియట్ మధ్యలో మానినవాడు. కర్మాగారంలో ఎలక్ట్రీషియను పని, నెలకు 1,500 రియాళ్లు అని ఏజెంటు మాట. అందుకై తల్లి గాజులు అమ్మి, చాలని దానికి వడ్డీకి తెచ్చి, 1,20,000 రూపాయలు ముట్టజెప్పారు.

మేము ఖురాను పారాయణం చేయగలము. అరబ్బీ భాష నేర్వలేదు. వృత్తి అని వ్రాసిన చోట 'రాఈ' అన్న పదాన్ని కూడబలుకుకొని చదివాము. అర్థం తెలియలేదు. తెలియదని చెప్పవలసింది. చుట్టూ నలుగురు నిలబడి ఉండగా లెక్చరరు హోదా అడ్డు వచ్చింది. "అంతా సరిగానే ఉన్నట్లున్నది, ఖాలా" అన్నాము. ఆమె దువా చేసి వెళ్లిపోయింది.

'రాఈ' అంటే గొర్రెల కాపరి. మన 'రైతు' శబ్దానికి మూలమైన 'రఇయ్యత్' పుట్టింది ఆ ధాతువు నుంచే. అన్యదేశ్యాల పాఠంలో 'రైతు'ను ఉదాహరణగా ఏటేటా చెప్పే మేము, పొరుగింటి బిడ్డ బ్రతుకు మీద వ్రాసి ఉన్న దాని చుట్టాన్ని గుర్తుపట్టలేకపోయాము!

అతడు దిగిన చోట కర్మాగారం లేదు. ఎడారి, ఒక గుడారం, వందలాది గొర్రెలు. పాస్‌పోర్టును కఫీలు, అనగా అక్కడి యజమాని, పుచ్చుకొన్నాడు. మూడు నెలలు సగం జీతం, పిదప అదీ లేదు. తాళలేక రియాదుకు పారిపోతే, కఫీలు 'హురూబ్' అని ఫిర్యాదు చేశాడు. అంటే పారిపోయిన పనివాడని ముద్ర. ఆ ముద్ర పడినవానికి ఆనాడు అక్కడ పని చేయ హక్కులేదు, స్వదేశానికి రా వీలులేదు. 2017 మార్చి 29 నుంచి సౌదీ ప్రభుత్వం 90 దినాల క్షమాభిక్ష అమలు చేసినందున, భారత రాయబార కార్యాలయం ఇచ్చిన అత్యవసర ప్రయాణ పత్రంతో ఇల్లు చేరాడు. అప్పు మాత్రం అతనికి ముందే వడ్డీతో పెరిగి ఎదురు చూస్తున్నది.

ఈ వ్యాపారపు మర్మం సులభమైనదే. తనకు అవసరం లేని పనివారి పేరిట అక్కడివాడు వీసాలు పొంది అమ్ముతాడు. ఇక్కడి ఏజెంటు వాటిని మరల ఎక్కువకు అమ్ముతాడు. 'ఆజాద్ వీసా' అని ముద్దుపేరు. ఏ చట్టంలోనూ అటువంటి వీసా లేదు. యజమాని పేరు లేని వీసా ఉండదు. ఆ పేరుగలవాని వద్ద తప్ప వేరొకచోట పనిచేస్తే పనివానికీ నేరమే.

మన దేశంలో 1983 నాటి వలసల చట్టం ఉన్నది. రిజిస్ట్రేషను లేని ఏజెంటు విదేశీ కొలువులకు మనుష్యులను పంపరాదు. రిజిస్టరైన ఏజెంటు సైతం 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించి పుచ్చుకొనరాదని నేటి నిబంధన. పదవ తరగతి దాటనివారు గల్ఫు దేశాలకు కొలువుకై వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. పదవ తరగతి దాటితే ఆ అనుమతి అక్కరలేదు. చదువుకొన్నవాడు తన మేలు తాను చూసుకోగలడని చట్టం నమ్మిక. పొరుగింటి అబ్బాయి ఒప్పందాన్ని ఏ అధికారీ చూడకపోవడానికి అతని చదువే కారణమైనది! చూడవలసిన చదువరులము మేము, మేమూ చూడలేదు.

ఇది గతించిన కథ కాదు. సహాయకుని ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాదు యువకుడొకడు యుద్ధభూమిలో మరణించినట్లు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం తెలిపింది. దేశం మారింది, ఆశ చూపే తీరు మారలేదు.

విద్యార్థులారా! మీరందరూ పదవ తరగతి దాటినవారే. మీ ఒప్పందాన్ని మీకై చదివేవారు వేరెవరూ ఉండరు. ఏజెంటు రిజిస్ట్రేషను సంఖ్యను 'ఈమైగ్రేట్'లో సరిచూడండి. సొమ్ముకు రసీదు అడగండి. అరబ్బీ కాగితాన్ని అరబ్బీ వచ్చినవారిచేతనే చదివించండి. మీ వీధిలో ఎవరైనా కాగితం తెచ్చి చదవమంటే, అర్థం కానప్పుడు 'నాకు తెలియదు' అని చెప్పండి. ఆ ఒక్క మాట ఆనాడు మా నోట రాలేదు.

ఖాలా మమ్ము ఒక్కనాడూ నిందించలేదు. ఈద్ నాడు నేటికీ మా ఇంటికి షీర్ ఖుర్మా పంపుతుంది. ఆ గిన్నె అందుకొనే చేతులకు గాజులు లేని ఆమె చేతులు కనిపిస్తూనే ఉంటాయి.