నల్గొండలో ఒక పూట

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఒంగోలు, నెల్లూరు వైపు పరుగెత్తే కార్లకు నల్గొండ దాటేయాల్సిన ఊరు, మహా అయితే టీ తాగే ఊరు. చిన్న నగరంలో చూడ్డానికేముంటుంది, పది నిమిషాలు చాలంటారు. కానీ ఊరిని ఆనుకునే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయాన్ని పది నిమిషాల్లో చూడలేం. సూర్యుడు ఎటు జరిగినా గర్భగుడిలో పడే స్తంభం నీడ జరగకపోవడమే అక్కడి వింత. అది జరగలేదని తెలియాలంటే మనం కాసేపు ఆగాలి కదా! స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురే కారణమంటారు. కారణం తెలిసినంత మాత్రాన వింత తగ్గదు లెండి. ప్రయాణం ఆలస్యమవుతుందన్నదీ నిజమే, అందులోనూ పిల్లలతో. అలాంటప్పుడు పానగల్లులోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయాన్ని, అక్కడి మ్యూజియాన్ని మరో ట్రిప్పుకి వదిలేయండి. నీడ దగ్గర మాత్రం తొందరపడొద్దు.