అల్లుడు తెచ్చిన సీసా

మా ఆవిడ పుట్టింట్లో ‘ఫ్రెంచి సరుకు’ అన్నమాట తిట్టు కింద లెక్క. దానికో కథ ఉంది. 1948లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. గోదావరి అవతల యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. మన చట్టం అక్కడ చెల్లేది కాదు. కోనసీమలో ఉన్న మా ఆవిడ తాతగారు పొద్దుగూకేవేళ రేవు దాటేవారు, తెల్లవారి ఇవతలికి వచ్చేవారు. అలా దాటగా దాటగా నాలుగెకరాల కొబ్బరితోట కూడా చేతులు దాటిపోయింది.

అటువంటి ఇంటి ఆడపడుచు ఏలుతున్న మా తాడేపల్లిగూడెం కొంపలోకి, మొన్న సంక్రాంతికి మా అల్లుడు ఫ్రెంచి ఎర్రవైను సీసా పట్టుకొచ్చాడు! అతనికి బోర్డోలో ఉద్యోగం. పండక్కి వచ్చిన అల్లుణ్ణి పల్లెత్తు మాట అనకూడదు కదా! అంచేత మా ఆవిడ నాతోనే అంది, గొంతు తగ్గించి: “మీరూ మీరూ ఏడవండి. వంటింటి గడప మాత్రం దాటనివ్వను.”

కనుమనాడు భోజనంలోకి గారెలు, వేటమాంసం వేపుడు, కొల్లేటి కొర్రమేను పులుసు. అల్లుడు సీసాని కాసేపు చన్నీళ్ళ బకెట్టులో ఉంచాడు. ఎర్రవైను 16, 18 డిగ్రీల మధ్య ఉంటే రుచిట. గ్లాసులో కొద్దిగా పోసి, గుండ్రంగా తిప్పి, ముందు వాసన చూడమన్నాడు. నేరేడుపండు గుర్తుకొచ్చింది. గుక్కెడు నోట్లో పోసుకునేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

“వగరోయ్!” అన్నాను.

“అదే టానిను మావయ్యగారూ. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది. నోట్లో ఉమ్మిని పట్టుకుని ఎండగడుతుంది. మాంసం తింటూ తాగితే దాని పట్టు సడలుతుంది.”

నిజమే సుమండీ! వేపుడు ముక్క నమిలి గుక్క వేస్తే వగరు మెత్తబడింది. కాని మా ఆవిడ చేతి కారం తక్కువా? మద్యం తోడైతే కారం రెట్టింపు మండుతుందిట, చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఇక పులుసు తిని గుక్క వేశానో లేదో, ఇనపగరిటె నాకినట్టయింది. వైనులోని ఇనుమూ చేపలోని కొవ్వూ కలిస్తే నీచు పుడుతుందని జపాను శాస్త్రజ్ఞులు 2009లో తేల్చారన్నాడు అల్లుడు.

“నా పులుసుకా వంకలు పెడుతున్నారు?” అంది మా ఆవిడ తలుపు చాటునుంచి.

“పులుసుకి కాదు అత్తయ్యగారూ, వైనుకే. కాని బోర్డోవాళ్ళ పాతవంట ఒకటుంది. మన పులసలాగే సముద్రంలోంచి ఏటికి ఎదురీదివచ్చే పాములాటి చేపని, ఉల్లికాడల్లాంటివి వేసి, ఎర్రవైనులోనే ఉడకబెడతారు.”

వంట మాట వినబడేసరికి మా ఆవిడ గడప దాటి వచ్చింది.

“వాళ్ళకి చింతపండు దొరకదు కాబోలు, పాపం. పులుపుకి ఇది పోసుకుంటారన్నమాట.”

అల్లుడు పకపకా నవ్వాడు. ఆవిడ నా గ్లాసు అందుకుని వాసన చూసింది. చెంచాతో ఒక్క బొట్టు తీసి నాలుకమీద వేసుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

“దీనికోసమా!” అంది చివరికి.

అందులో కోపం లేదు. డెబ్భైయేళ్ళ కిందటి మనిషిని ఎదురుగా నిలబెట్టి అడిగినట్టుంది. మేమిద్దరం తలలు వంచుకుని అన్నం తిన్నాం.

మర్నాడు చూస్తే, మిగిలిన సగం సీసా ఖాళీ. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో మట్టి ఎర్రగా తడిసి ఉంది.

“పారబోశావా?” అన్నాను.

“పారబొయ్యలేదు. వాటి సొమ్ము వాటికిచ్చేశాను,” అంది మా ఆవిడ.