టార్చిలైటు సెల్లులోని నల్లపొడి

తమ్ముళ్ళూ, టార్చిలైటు సెల్లు పగలగొట్టి చూడనివాడు మా రోజుల్లో మన హాస్టల్లో లేడు. ఆ నల్లపొడి మాంగనీసు డయాక్సైడ్ అనీ, చుట్టూ ఉన్న డబ్బా జింకు అనీ డిగ్రీకి వచ్చాకే మాకు తెలిసింది. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే చేసిన సెల్లుకు అది వారసురాలు. ఒక్కసారి అయిపోతే పారేయడమే.

అదే జింకును, అదే పొడిని మళ్ళీ మళ్ళీ చార్జింగ్ చేసుకోగలిగితే? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మేము ముగ్గురం ఎంచుకున్నది ఇదే. జింకు సల్ఫేటు కలిపిన నీళ్ళలో జింకు అయాన్లు ఈదుకుంటూ పోయి నల్లపదార్థంలో దూరతాయి, చార్జింగ్ పెడితే తిరిగొస్తాయి. (దూరేది జింకా, నీటిలోని హైడ్రోజనా అని పెద్దలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు!)

చిక్కంతా ఎలక్ట్రోడ్లతోనే. తిరిగొచ్చిన జింకు చదునుగా పరుచుకోదు, సూదుల్లా మొలుస్తుంది. సూది మధ్యపొరను చీల్చిందంటే షార్టే. అటువైపు మాంగనీసు కొంచెం కొంచెంగా నీళ్ళలో కరిగిపోతుంది. 2016లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల వాళ్ళ ఉపాయం మాకు భలే నచ్చింది. నీళ్ళలో ముందే మాంగనీసు సల్ఫేటు కలిపేశారు. దాంతో పొడిలోది కరగడం తగ్గింది. 5,000 సార్లు వాడినా 92 శాతం బలం నిలిచింది. అదే ఏడాది కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు వనేడియం ఆక్సైడ్ పొరల మధ్య జింకునూ నీటినీ గుంజల్లా నిలబెట్టి అయాన్లకు దారి చేశారు. కానీ వనేడియం ఖరీదు, పైగా విషం. మా ఓటు మాంగనీసుకే. మన గరివిడి, చీపురుపల్లి వైపు 1890లలోనే దాన్ని తవ్వారు.

దీని వోల్టేజి తక్కువ, బరువు ఎక్కువ. సెల్‌ఫోన్‌కు పనికిరాదు. గోడవారన కూర్చునే బ్యాటరీకి బరువుతో పనేముంది? పరీక్షల ముందు కరెంటు పోతే ఒక్క కొవ్వొత్తి చుట్టూ ఆరుగురం చేరేవాళ్ళం. దోమతెర ఎక్కడ అంటుకుంటుందోనని వార్డెన్ సారు నిద్రపోయేవారు కాదు. లిథియం బ్యాటరీలో ఉండేది మండే ద్రావకం. ఇందులో నీళ్ళు. అరవై మంది పక్కపక్కన పడుకునే హాలుకు ఏది కావాలో మీరే చెప్పండి.

ఈ పొడిలో కరెంటు సరిగా సాగదు. అందుకే బొగ్గుపొడితో కలిపి నూరి, స్టీలు జాలీకి పూస్తాం. పాత సెల్లులోనూ బొగ్గు కలిపేది అందుకే. మాది ఇంకా రెండు వందల సార్లకే నీరసపడిపోతోంది. ఈ వారం బొగ్గు పాళ్ళు మార్చి చూస్తున్నాం.