బొగ్గు ఊళ్లో ఫిల్టర్ కాఫీ

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్. సింగరేణి క్వార్టర్లు, మూడు షిఫ్టుల బతుకు. ఇక్కడ పొద్దు పొడిచేది చాయ్‌తోనే. ఇంట్లో మంచి కాఫీ కావాలంటే మాత్రం ఓ స్టీలు ఫిల్టరు, కాస్త ఓపిక ఉండాలి.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా అయినా సరే, పొడి కొద్దికొద్దిగానే కొనాలి. గాలి తగిలితే సువాసన పోతుంది. పై గిన్నెలో మూడు చెంచాలు వేసి, తేలిగ్గా అదిమి, వేణ్నీళ్లు పోయాలి. గట్టిగా నొక్కితే చుక్క దిగదు!

మొదటి షిఫ్టుకు పరుగెత్తేవారికి డికాక్షన్ దిగేదాకా ఆగే తీరికేదీ? రాత్రే వేసిపెడితే సరి. పొద్దున్నే వేడి పాలు కలపడమే.

రాత్రి షిఫ్టు దిగొచ్చినవారికి మాత్రం వెంటనే వద్దు. కెఫీన్ గంటల తరబడి నిద్ర పట్టనివ్వదు. బొగ్గుబావిలో కునుకుపాటు ప్రాణం మీదికే తెస్తుంది. ఆ గ్లాసు నిద్ర లేచాకే!