టోక్యోలో ఇంకో హచికో ఉంది, చూశారా?

టోక్యో వచ్చిన మనవాళ్లంతా షిబుయా స్టేషన్ బయట హచికో విగ్రహం పక్కన ఫొటో దిగుతారు. నేనూ దిగాను, లైన్లో నిలబడి మరీ. ప్రొఫెసర్ ఉయెనో 1925 మేలో హఠాత్తుగా పోతే, ఆ కుక్క 1935 మార్చిలో తను పోయేదాకా ఆ స్టేషన్‌కి వస్తూనే ఉంది. మొదటి విగ్రహం 1934లో పెట్టారు, హచికో బతికుండగానే! యుద్ధంలో దాన్ని కరిగించేశారు. ఇప్పుడున్నది 1948ది, మొదటి శిల్పి కొడుకు చేసింది.

టైముంటే మాత్రం టోక్యో యూనివర్సిటీ వ్యవసాయ క్యాంపస్‌కి వెళ్లండి. తోదాయ్‌మాయే స్టేషన్ పక్కనే, టికెట్ లేదు. గేటు దాటగానే 2015లో పెట్టిన విగ్రహం. ఇందులో ప్రొఫెసర్ తిరిగొచ్చేశాడు. హచికో వెనక కాళ్ల మీద లేచి ఆయన మీదకి ఎగబాకుతోంది.

తెనాలిలో మా టామీగాడు అచ్చం ఇంతే. హైదరాబాద్ నుంచి శనివారం తెల్లవారుజామున దిగితే, ఆటో మా సందు తిరగకముందే గేటు దగ్గర రెడీ. బ్యాగు కూడా దించనిచ్చేవాడు కాదు. నేను జపాన్ వచ్చిన నాలుగో నెలలో పోయాడు. వీడియో కాల్‌లో అమ్మ ఏం చెప్పలేక, ఫోన్ గేటు వైపు తిప్పింది.

క్యాంపస్‌లో సెల్ఫీ తీసుకోలేదు. ఆ కంచు వీపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాను.