400 రూపాయల నీళ్లు

నాన్నది కిరాయికి తిప్పే పాత కారు. కూలెంట్ తగ్గిందని ఓసారి 400 ఇచ్చి కొనుక్కురమ్మన్నారు. నేను ఇంటి బోరు నీళ్లు నింపేసి, డబ్బులు జేబులో వేసుకున్నా. నీళ్లు నీళ్లే కదా! ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు అదే పని. పాత రంగు కాస్త మిగిలి ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు.

ఏడాది తిరక్కుండానే ఒంగోలు దాటాక ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. మేస్త్రీ హెడ్ విప్పి చూపించాడు. నీళ్లు పారే దారుల చుట్టూ చెద తిన్న చెక్కలా గుంటలు, తెల్లటి పొడి. "ఏం పోశారు బాబూ ఇందులో?" అన్నాడు. "కూలెంటే" అన్నా. నోట్లోంచి అలా వచ్చేసింది.

అల్యూమినియానికి తుప్పు రాదనుకునేవాణ్ని. నిజానికి గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కాపాడేది అదే. మా బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పులోని క్లోరైడ్ పొరకి చిల్లు పెడుతుంది. పైగా మా ఇంజిన్ బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు తగిలి ఉండి, మధ్యలో ఉప్పునీళ్లుంటే అది బ్యాటరీయే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. ఇంకో దరిద్రం ఏంటంటే, మాకన్నా ముందు ఆ కారు వాడినాయన రాగి రేడియేటర్ బిగించాడు. రాగి కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగి, అల్యూమినియం మీద చుక్కలుగా పేరుకుంటుంది. ఒక్కో చుక్కా ఒక బుల్లి బ్యాటరీ. దాని పక్కనే గుంట.

కూలెంట్ అంటే నాకు రంగునీళ్లే. అందులో అసలు సరుకు ఇన్హిబిటర్లట. సిలికేట్లు అల్యూమినియం మీద గబగబా పొర కట్టేస్తాయి, కానీ త్వరగా ఖర్చయిపోతాయి. ఆర్గానిక్ ఆమ్లాల రకం నిదానం. తుప్పు మొదలయ్యే చోట అతుక్కుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. నాకు బాగా నచ్చింది టాలీట్రయజోల్. అది రాగిని పట్టుకుని, నీళ్లలోకి దిగకుండా చూస్తుంది. దొంగని వాడి గుమ్మంలోనే ఆపేసినట్టు!

ఇవేవీ తుప్పుని పూర్తిగా ఆపవు, నెమ్మదింపజేస్తాయంతే. పనిచేస్తూ పనిచేస్తూ అయిపోతాయి. అందుకే డబ్బా నిండుగా కనిపించినా, మాన్యువల్‌లో చెప్పిన గడువుకి మార్చాల్సిందే. రంగు చూసి మోసపోకండి, అది ఉత్త డై. నీళ్లు కలపాలంటే డిస్టిల్డ్ వాటరే.

హెడ్ మార్చడానికి 25 వేలు, పది రోజుల కిరాయిలు పోయాయి. నాన్న నన్నేమీ అనలేదు. కల్తీ కూలెంట్ అంటగట్టాడని స్పేర్ పార్ట్స్ షాపాయనతో గొడవపడి, మాట్లాడటం మానేశారు. ఇరవై ఏళ్ల స్నేహం వాళ్లది.

నాన్నా, ఇది మీ ఫోన్‌కి పంపిస్తున్నా. చదివాక ఒకసారి ఆ షాపుకి వెళ్దాం. నేనూ వస్తా.