తువ్వాలులో మూడు కిలోలు

మా వైపు తొలిచూలు కాన్పంటే తల్లిగారిల్లే. ఏడో నెలలో ఒడి నింపి తీసుకుపోతారు, బిడ్డతో మళ్ళీ పంపిస్తారు. నడుమ మొగుడికి పనేం ఉండదు. నేను పుట్టిన ఇరవై ఒకటో రోజున మా నాన్న సంచీడు పళ్ళతో బస్సు దిగి, తొట్టెల పక్కన మంచం మీద కూర్చున్నాడట. నన్ను ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

2020లో నా వంతూ అలాగే గడిచిపోతుందనుకున్నాను. బుద్వేల్‌లో రెండు గదుల పోర్షన్ మాది. మార్చి 25న లాక్‌డౌన్ పడేనాటికి నా భార్యకు మూడో నెల. ఆగస్టులో అత్తమ్మ సూర్యాపేట వైపు నుంచి వచ్చి తీసుకుపోవాలి. సరిగ్గా ఆ వారమే వాళ్ళింట్లో ఇద్దరికి కరోనా. వదినెలు, పిన్నమ్మలు, మంత్రసాని తెలివి ఉన్న మేనత్త, అందరూ ఫోన్‌లోనే మిగిలారు. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే.

మెహదీపట్నం వైపు ఒక ఆసుపత్రిలో చూపించుకుంటున్నాం. జూమ్‌లో క్లాసులుంటాయి, ఇద్దరూ కూర్చోండి అన్నారు. పది జంటలం. పేరుకే జంటలు, తెరమీద కనిపించేది ఆడవాళ్ళే. మొగవాళ్ళ గొంతు మాత్రం అప్పుడప్పుడు పక్కనుంచి వినపడేది. రెండో క్లాసులో సిస్టర్ "నాన్నలు కెమెరాలోకి రండి" అంది. బనియన్ల మీద గబగబా చొక్కాలు తొడుక్కుని ఒక్కొక్కరం వచ్చాం. "రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు?" అని అడిగింది. పదిమందిమీ భార్యల వైపే చూశాం.

ముర్రుపాల సంగతి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మొదటి రోజుల్లో వచ్చే ఆ పసుపుపచ్చని పాలు చెడ్డవని పిండి పారబోస్తారు మా ఊళ్ళో. అదే బర్రె ఈనితే ముర్రుపాలతో జున్ను వండుకుని వాడంతా పంచుకుంటాం. దూడకూ అందుతాయి, మనకూ అందుతాయి, మన బిడ్డకే అందవు! ఆరు నెలలు తల్లిపాలు తప్ప తేనె వద్దు, మంచినీళ్ళు కూడా వద్దు అంది సిస్టర్. ఆ రాత్రే అత్తమ్మతో ఫోన్‌లో పెద్ద వాదన.

ఎత్తుకోవడం నేర్చుకోవడానికి దిండు పట్టుకోమన్నారు. దిండుకు బరువేదీ? బరువుకు ఇంట్లోని బియ్యం గుర్తొచ్చింది. అంతకుముందే ఆమెకు గర్భంలో షుగరని తేలింది. అన్నం మానొద్దు, కొలిచి తినమంది డాక్టరు. నేను పనిచేసేది విత్తనాల కంపెనీలో. షుగరు తొందరగా పెంచదని పేరున్న తెలంగాణ సోనా తెచ్చిపెట్టాను. ఆర్‌ఎన్‌ఆర్ 15048 దాని అసలు పేరు. ఆర్‌ఎన్‌ఆర్ అంటే మా రాజేంద్రనగరే, ఇక్కడి వరి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. ఆ బియ్యం మూడు కిలోలు తువ్వాలులో మూటగట్టి, ఒక కొసకు బత్తాయి పండు తలలా కట్టాను. మెడ కింద చెయ్యి తీస్తే బత్తాయి వేలాడిపోయేది. వారం రోజులకు వేలాడటం మానింది.

అక్టోబరు 13 రాత్రి. ఆగని వాన. పదింటికి ఆమె నడుము పట్టుకుని కూర్చుంది. నొప్పికీ నొప్పికీ మధ్య నిమిషాలు లెక్కపెట్టమని నేర్పారు కదా, ఫోన్‌లో రాసుకుంటున్నాను: పన్నెండు, తొమ్మిది, పదిహేను. ఆసుపత్రికి రెండు దారులు ముందే అనుకున్నాం. ఆరాంఘర్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కడం ఒకటి, ఉప్పర్‌పల్లి మీదుగా అత్తాపూర్‌లో దాని పిల్లర్ల కిందుగా పోవడం ఒకటి. అంతలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతున్నారని, గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవే మీద కార్లు కొట్టుకుపోతున్నాయని ఫోన్లు. ఆరాంఘర్ మాట మర్చిపొమ్మన్నాడు క్యాబ్ అతను. కరెంటు పోయింది. చీకట్లో నిమిషాలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇరవై, ఇరవై అయిదు. తెల్లారేసరికి ఆమె నిద్రపోయింది. దొంగ నొప్పులు. ఆ రాత్రి మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో మనుషులే లేకుండా పోయారో తర్వాత తెలిసింది. మా భయం చెప్పుకోవడానికి నోరు రాలేదు.

వారానికి కాన్పైంది, సిజేరియన్. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు అలాగే అవుతున్నాయని ఆ ఏళ్ళ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆమె ఇంకా లోపల ఉండగానే సిస్టర్ మగబిడ్డను తెచ్చి, "చొక్కా గుండీలు విప్పండి" అని నా గుండెమీద బోర్లా పడుకోబెట్టింది. ప్రభుత్వ ఉద్యోగులకైతే తండ్రి సెలవు 15 రోజులుంటుంది. నాకు దొరికింది నాలుగు రోజులు, అదీ జీతం కోతతో.

బొడ్డు ఊడాక నీళ్ళు పోయాలి. క్లాసులో ప్లాస్టిక్ టబ్బు చూపించారు. కింది పోర్షన్ అవ్వ ఆ టబ్బు చూసి నవ్వింది. కరోనా భయంతో ముట్టుకోనని, గేటు దగ్గర కుర్చీ వేసుకుని మూతికి కొంగు చుట్టుకుంది. "పీట మీద కూసో బిడ్డా. కాళ్ళు సాపు. అట్ల గాదు, మోకాళ్ళు దగ్గర పెట్టు, సందుల జారుతడు." వాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకున్నాను. నీళ్ళు పోస్తుంటే ఏడ్చేవాడు, వీపు మీద పోస్తే ఊరుకునేవాడు. టబ్బు మళ్ళీ తీయలేదు. ముక్కులో ఆముదం చుక్కలేసినవా అని అవ్వ రోజూ అడిగేది. వేశానని రోజూ అబద్ధం చెప్పేవాణ్ణి.

ఇరవై ఒకటో రోజుకు అత్తమ్మ, మామయ్య మాస్కులతో దిగారు. అత్తమ్మ చేతులు కడుక్కుని వంటకు దిగింది. బియ్యం కోసం అల్మారా తీసి, మూట పట్టుకుని బయటికొచ్చింది.

"గీ బియ్యం తువ్వాలల ఎవరు గట్టిన్రు? గీ ఎండిన పండేంది?"

నా భార్య కుట్లు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అత్తమ్మ మూట విప్పి, బియ్యం చేటలో పోసుకుని, రాళ్ళేరుతూ కూర్చుంది.